కృపావతి కడిగిన తొట్లు

నాకు అనుమానం ఎక్కువ. చిన్నప్పుడు పాలవాడు రాగానే మా అమ్మ నన్ను గుమ్మంలో నిలబెట్టేది, చెంబులో నీళ్ళు కలుపుతున్నాడేమో కనిపెట్టమని. వాడు కలిపిన రోజూ పట్టుకున్నాను, కలపని రోజూ పట్టుకున్నాను. అప్పటినుంచీ ఉన్న జబ్బు అది. ముప్పై ఒకటో ఏడు వచ్చేదాకా దాన్ని జబ్బనుకోలేదు, తెలివనుకున్నాను.

ఆ సంగతి 1981 వేసవిలో కృపావతి అనే మనిషి వల్ల తేలింది. తప్పు నాది కాబట్టి నేనే చెబుతాను. ఇంకొకరు చెబితే సరిగ్గా చెబుతారని నాకు నమ్మకం లేదు.

కొత్తపేట దాటాక కాలువ గట్టు మీద సుబ్బరాజు గారి ఫ్యాక్టరీ ఉండేది. ఆయన కొబ్బరితోటల ఆసామీ. ఎవరో చెప్పగా విని, బెల్లం నుంచి లాక్టిక్ ఆమ్లం తీసే పని మొదలుపెట్టారు. పెరుగులో పులుపు ఏదైతే ఉందో అదే ఇది. ఊళ్ళోవాళ్ళు దాన్ని పులుపు ఫ్యాక్టరీ అనేవారు. మద్రాసులో ఒక మందుల కంపెనీ మా సరుకు కొని, బాలింతలకీ పిల్లలకీ ఇచ్చే కాల్షియం బిళ్ళలు చేసేది. నేను కెమిస్టుని. పేరు సత్యం. బి.ఎస్సీ. చదివిన అహంకారం, అరువు తెచ్చుకున్న ఒక మైక్రోస్కోపు, ఇవి నా ఆస్తి.

ఫ్యాక్టరీ అంటే ఒక పెద్ద షెడ్డు, ఒక బాయిలరు, మనిషి నిలువెత్తున ఆరు చెక్క తొట్లు. బెల్లం నీళ్ళు కాచి, చల్లార్చి, చెయ్యి పెడితే చురుక్కుమనే వేడి ఉండగా తొట్లో పోసి, ముందు తొట్టినుంచి దాచిన తోడు వేసేవాళ్ళం. తోడులో ఉన్న సూక్ష్మజీవులు ఆరు రోజుల్లో బెల్లంలోని తీపినంతా పులుపు చేసేవి. ఆ పులుపు మితిమీరితే వాటి ప్రాణానికే ముప్పు కనుక మధ్యమధ్య సుద్దపొడి కలిపేవాళ్ళం.

చెప్పుకుంటే ఇంతే. కానీ పెరుగు తోడుపెట్టే ప్రతి ఇల్లాలికీ తెలిసిన చిక్కే మాకూ ఉండేది. అవే పాలు, అదే గిన్నె, ఒకరోజు పెరుగు గడ్డలా తోడుకుంటుంది, ఒకరోజు జిగురు సాగుతుంది, ఒకరోజు ముక్కు మూసుకోవాల్సి వస్తుంది. మన పురుగుల మధ్య ఇంకేదో పురుగు దూరిందన్నమాట. మనకి కావలసిన పులుపుని అది తినేసి, మనకి అక్కర్లేనిదేదో విసర్జిస్తుంది. అలాంటిదాన్ని తొట్లోకి రానివ్వకపోవడమే నా ఉద్యోగం.

తొట్లు కడగడానికి ఇద్దరు ఉండేవారు. ఒకటి, రెండు, మూడు తొట్లు కృపావతివి. నాలుగు, అయిదు, ఆరు ఎర్రయ్యవి. ఎర్రయ్య మావాడు, అంటే మా కులంవాడు, వరసకి నన్ను బావగారూ అనేవాడు. కృపావతి కాలువ అవతల క్రైస్తవుల పేట మనిషి. ఎనిమిదో తరగతి చదివింది. తక్కువ మాట్లాడేది. ఆదివారం తప్ప ఒక్కరోజు నాగా పెట్టేది కాదు.

ఇద్దరూ రోజుకూలీలే. జూన్ ఒకటిన వాళ్ళలో ఒకరిని పర్మనెంటు చేస్తానని సుబ్బరాజు గారు మాటిచ్చారు. ఎవరిని చెయ్యాలో నన్ను రాసిమ్మన్నారు. ఆ కాగితం మీద కృపావతి పేరు రాయాలని నేను అప్పటికే అనుకున్నాను. ఆ మాట ఆమెకి చెప్పాను కూడా.

"ఆయ్, మీ దయండి," అందామె. "మా అత్త ముప్పై ఏళ్ళనుంచి నడుం లోతు గుంటలో నిలబడి డొక్కలు తీస్తాందండి. కాళ్ళు చూస్తే తెలుస్తదండి మీకు. నేను ఆ గుంటలో దిగకుండా ఉంటే చాలండి," అంది.

డొక్కలంటే కొబ్బరిపీచు ఉండే పైచిప్పలు. వాటిని నీటిగుంటలో నెలల తరబడి నానేసి, కుళ్ళాక బయటికి తీసి, కర్రతో బాది పీచు తీసి తాళ్ళు పేనుతారు. పేటలో ఆడవాళ్ళకి అదే బతుకుతెరువు. అందులోంచి బయటపడటానికి ఆమెకి ఉన్న ఒకే దారి నేను రాసే ఆ కాగితం.

ఫిబ్రవరిలో ఒకే వారంలో రెండు సంగతులు జరిగాయి. మొదటిది, సుబ్బరాజు గారు కొత్త గోడౌను కోసం ఫ్యాక్టరీ పక్కనున్న డొక్కల గుంట పూడ్పించారు. స్థలం ఆయనదే, గుంట పేటవాళ్ళ అలవాటు. కృపావతి అత్త సుందరమ్మ గుంట ఒడ్డున నిలబడి, గుప్పెడు నల్లమట్టి తీసి మా గోడకేసి కొట్టి వెళ్ళిపోయింది. పేటవాళ్ళు మైలు దూరంలో ఇంకో గుంట వెతుక్కున్నారు.

రెండోది చాలా చిన్న సంగతి. తొట్ల గోడలకి సుద్ద పేరుకుని పెచ్చు కట్టింది. రాజమండ్రినుంచి తెప్పించిన బ్రష్షులు అరిగిపోయాయి. నేను ఇద్దరినీ పిలిచి, ఇకనుంచి ప్రతి తొట్టినీ కొబ్బరిపీచుతో రుద్ది తోమాలని చెప్పాను. మన ఇళ్ళలో ఇత్తడి గంగాళాలు దేనితో తోముతాం? పీచుతోనే కదా. "మీ ఇంట్లో ఉంటుందిగా, తెచ్చెయ్యి," అన్నాను కృపావతితో. తోమినప్పుడల్లా షెడ్డు పుస్తకంలో ఎదురుగా టిక్కు పెట్టమన్నాను. ఇద్దరూ "ఆయ్" అన్నారు.

మార్చిలో కంపు మొదలైంది.

మొదట మూడో తొట్టి. అయిదో రోజు మూత తీస్తే ముక్కిపోయిన వెన్న వాసన, పసిపిల్ల కక్కిన పాల వాసన, రెండూ కలిపి మొహాన కొట్టాయి. సుద్ద అడుగున ఉండకుండా బుడగలతో పైకి తేలుతోంది. దాన్ని బ్యుటిరిక్ ఆమ్లం అంటారు. చొక్కాకి అంటితే నాలుగు చాకిరేవులకి పోదు. తరువాత ఒకటో తొట్టి. తరువాత రెండో తొట్టి. ఎర్రయ్య తొట్లు మాత్రం మల్లెపూలు.

మద్రాసు కంపెనీ మా డ్రమ్ములు తిప్పి పంపింది. సుబ్బరాజు గారు ఐనవిల్లి వెళ్ళి వినాయకుడికి నూటొక్క కొబ్బరికాయలు కొట్టి వచ్చి, నన్ను పిలిచారు.

"దేవుడి పని నేను చేసేను. మరి నీ పని ఎప్పుడు చేస్తావయ్యా సత్యం?" అన్నారు.

నేను తోడు మార్చాను. బెల్లం మార్చాను. తొట్లో వేడి రెండు డిగ్రీలు పెంచాను. సుద్దని కాల్చి వాడాను. మార్చింది మార్చినట్టే ఉంది, కంపు కంపులాగే ఉంది. ఆఖరికి తొట్లోంచి ఒక చుక్క గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూశాను. మా పురుగులు సన్నగా, పుల్లల్లా ఉంటాయి. వాటి మధ్య లావుపాటివి, ఒక చివర ఉబ్బి చిన్న గరిటెల్లా ఉన్నవి కనిపించాయి. పుస్తకం తిరగేశాను. ఇవి మట్టిలో, కుళ్ళిన గుంటల్లో ఉంటాయి, వేడినీళ్ళు పోసినా వాటి గింజలు చావవు అని రాసి ఉంది.

మట్టి. కుళ్ళిన గుంట. ఆ రెండు మాటలు చదవగానే నా బుర్రలో దీపం వెలిగింది. దీపం వెలిగితే మంచిదే. నేను దాన్ని పట్టుకుని తిన్నగా కృపావతి మొహం దగ్గరికి వెళ్ళాను.

ఆమె చీర అంచుకి రోజూ నల్లటి బురద మరక ఉండేది. వాళ్ళ గుంట పూడ్చినందుకు వాళ్ళ అత్త మా గోడకి మట్టి కొట్టింది. చెడినవన్నీ కృపావతి తొట్లు, చెడనివన్నీ ఎర్రయ్యవి. పుస్తకం తీసి చూస్తే ఇద్దరి పేర్లకెదురుగా పీచుతో తోమినట్టు టిక్కులు సమానంగా ఉన్నాయి. పని ఒక్కటే అయినప్పుడు తేడా మనిషిలోనే ఉండాలి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు బి.ఎస్సీ. చదవలేదు, నేను చదివాను అనుకున్నాను.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆమె పేట మనిషి కాకపోయి ఉంటే నా అనుమానం అంత చురుగ్గా నడిచేది కాదు. ఎర్రయ్య పంచెకి బురద ఉంటే, పాపం పొలంనుంచి వచ్చాడనుకునేవాణ్ణి.

దొంగని రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలనుకున్నాను. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, అందరూ అన్నాలకి వెళ్ళాక, బెల్లం బస్తాల వెనక కూర్చున్నాను. ఉక్కపోత. బెల్లానికి చేరిన చీమలన్నీ నా వీపు మీదికి ఎక్కాయి. గోక్కుంటే చప్పుడవుతుందని పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. కృపావతి అన్నానికి వెళ్ళలేదు. ఖాళీ అయిన రెండో తొట్టి దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసింది. చంకలోని గుడ్డమూట విప్పి, నల్లటి ముద్ద ఏదో చేతిలోకి తీసుకుంది. నిచ్చెన మీదుగా తొట్లోకి దిగింది.

నేను ఎగిరి దూకాను. ఒక బస్తా నా మీద పడింది. కుంటుతూ వెళ్ళి నిచ్చెన ఎక్కి, తొట్టిలోకి వంగి, "ఏమిటది?" అని అరిచాను.

కృపావతి తలెత్తి చూసింది. చీర ఎగ్గట్టుకుని, చెమటలు కారుతూ, తొట్టి గోడ రుద్దుతోంది.

"పీచండి," అంది.

"ఇటివ్వు."

ఇచ్చింది. పీచే. తడిగా, నల్లగా, కొత్తగా బాదిన పీచు. విప్పి చూశాను, దులిపి చూశాను, వాసన కూడా చూశాను. డొక్కల గుంట వాసన వచ్చింది. కోనసీమలో పుట్టినవాడికి ఆ వాసన వాసనే కాదు. పుట్టినప్పటినుంచీ గాలిలో ఉన్నదాన్ని ముక్కు లెక్కపెట్టదు. తిరిగి ఆమె చేతిలో పెట్టేశాను.

"అన్నానికి వెళ్ళకుండా ఇక్కడేం చేస్తున్నావు?"

"కంపొస్తాందని తిడతన్నారు కదండీ. రెండుసార్లు తోముదామనండి."

"అటూ ఇటూ ఎందుకు చూశావు?"

"తొట్లోకి దిగాలి కదండీ, చీర ఎగ్గట్టాలండి," అంది నేల చూస్తూ.

సిగ్గుపడాల్సింది నేను. కానీ అనుమానానికి సిగ్గుండదు. పట్టుబడని దొంగ మామూలు దొంగ కాదు, గడుసు దొంగ అనుకున్నాను. ఆ రోజునుంచి గేటు దగ్గర ఆమె మూట విప్పించి చూడటం మొదలుపెట్టాను. అన్నం గిన్నె మూత తీయించేవాణ్ణి. ఒక్క ఆమెదే. ఎర్రయ్య ఆ పక్కనుంచే సంచీ ఊపుకుంటూ లోపలికి పోయేవాడు.

మూటలో మట్టి ఎన్నడూ దొరకలేదు. అన్నం ఉండేది, పీచు ఉండేది. ఆ వారం మూడు తొట్లూ ఎన్నడూ లేనంతగా కంపు కొట్టాయి. ఆమె రెండేసిసార్లు తోమింది మరి.

డ్రమ్ములు మూడోసారి తిరిగొచ్చిన రోజున నాకు పిచ్చి కోపం వచ్చింది. సాయంత్రం పని దిగే వేళ, పాతిక మంది గేటు దగ్గర ఉండగా, కృపావతిని ఆపాను.

"తొట్లో గుంట మట్టి ఎవరు కలుపుతున్నారో నాకు తెలుసు. మైక్రోస్కోపులో కనబడింది. రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాను.

పని దిగినవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు.

"నేను కలిపేనాండీ?" అంది మెల్లిగా.

"మీ గుంట పూడ్చారని కక్ష కాదూ?"

"గుంట పూడ్చినందుకు మా అత్త ఏడ్చిందండి. నేను ఏడవలేదండి. నాకు ఆ గుంటే వద్దు కదండీ. మీతో చెప్పేను కదండీ."

చెప్పింది. నాకు గుర్తుంది. గుర్తుండి కూడా, "వెళ్ళు," అన్నాను. పసిపిల్లలు తినే మందులో మట్టి కలిపిందట అని మర్నాటికి ఊరంతా పాకింది. పేటలో ప్రార్థనకి వెళ్తే పక్కన కూర్చున్నవాళ్ళు జరిగి కూర్చున్నారని తరువాత విన్నాను. విని, తగిన శాస్తి అనుకున్నాను.

ఆరు తొట్లూ ఎర్రయ్య చేతికి వచ్చాయి. మే నెలంతా ఒక్క తొట్టి కూడా కంపు కొట్టలేదు. గరిటెల్లాంటి పురుగు ఒక్కటి కనబడలేదు. సుబ్బరాజు గారు నా భుజం తట్టారు. ఇంతకన్నా రుజువేం కావాలి? కాలరెగరేసుకుని తిరిగాను. జూన్ ఒకటిన పర్మనెంటు కాగితం మీద ఎర్రయ్య పేరు రాసిచ్చాను.

మందుల కంపెనీ పెద్దాయన జూన్ ఇరవయ్యో తేదీన మద్రాసునుంచి వస్తున్నానని ఉత్తరం రాశారు. తొట్టి మూత తీయించి స్వయంగా చూసి, నచ్చితే ఏడాది పొడుగునా సరుకు తీసుకునే ఒప్పందం మీద సంతకం పెడతారట. ఆయనకి చూపించడానికి ఒకటో తొట్టి ఎంచుకున్నాను. లోపలికి తొంగి చూస్తే గోడల నిండా సుద్ద, గోటి మందాన పెచ్చు కట్టి ఉంది. ఎర్రయ్య మీద ఒళ్ళు మండింది. కానీ అంత ముఖ్యమైన తొట్టిని వాడి చేతికైనా వదలడానికి నాకు మనసొప్పలేదు. కృపావతి పోయినా పేట పోలేదు కదా, ఎర్రయ్యకి ఎవరైనా సారా పోయించి చేయించవచ్చు కదా అనుకున్నాను. అనుమానానికి ఆకలి తీరడమంటూ ఉండదు.

కాబట్టి నేనే దిగాను. పంచె ఎగ్గట్టి, షెడ్డు మూల పాత మూటలో మిగిలిన పీచు తీసుకుని, తొట్టి గోడలు రెండు గంటలు రుద్దాను. పెచ్చు ఊడింది. చెక్క బంగారంలా మెరిసింది. బాయిలరు నీళ్ళతో కడిగాను. బెల్లం నీళ్ళు నేనే కాచాను, తోడు నేనే వేశాను, సుద్ద నేనే కలిపాను. తొట్టి మూతకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను. సుద్ద కలిపే వేళలకి నేనే తీసి నేనే వేశాను. ఆ తొట్టి నీడ తొక్కనివ్వలేదు ఎవరినీ.

అయిదో రోజు పొద్దున తాళం తీసి మూత ఎత్తాను. ముక్కిపోయిన వెన్న. పసిపిల్ల కక్కిన పాలు.

నిచ్చెన మీదే కూర్చుండిపోయాను. మిగిలిన అయిదు తొట్లూ బాగున్నాయి. ఎర్రయ్య కడిగినవి బాగున్నాయి, నేను కడిగింది చెడింది. తాళంచెవి నా నడుముకే ఉంది. ఇక ఎవరిని అనుమానించాలి? జన్మలో మొదటిసారి నాకు అనుమానించడానికి మనిషి దొరకలేదు.

ఎర్రయ్యని పిలిచాను.

"నువ్వు తొట్లు ఎలా కడుగుతావు?"

"మామూలేనండి బావగారూ."

"పీచు పెట్టి తోముతావా?"

ఎర్రయ్య కాలి బొటనవేలితో నేల రాశాడు. "వేన్నీళ్ళు కొట్టేస్తానండి. పీచు చేతులకి గుచ్చుకుంటదండి," అన్నాడు.

"ఎప్పుడూ తోమలేదా? ఫిబ్రవరినుంచి?"

"లేదండి."

"మరి పుస్తకంలో టిక్కులు?"

"టిక్కు పెట్టమన్నారు కదండీ మీరు. పెట్టేనండి."

'ఆయ్' అంటే విన్నానని అర్థమే కాని చేస్తానని కాదని మా కోనసీమలో పిల్లలకి కూడా తెలుసు. నాకు తెలియలేదు. తోమమంటే తోమింది ఒక్క కృపావతే.

షెడ్డులోకి వెళ్ళి, మిగిలిన పీచులోంచి ఒక పోగు తీసి, కాచిన నీళ్ళలో జాడించి, ఆ నీళ్ళ చుక్క మైక్రోస్కోపు కింద పెట్టాను. చూడకముందే తెలుసు. గరిటెలు. గంపలకొద్దీ గరిటెలు. నెలల తరబడి గుంటలో కుళ్ళిన డొక్క, అందులోంచి బాదిన పీచు. ఎంత బాగా తోమితే అంత బాగా అంటుకున్నాయి. చెక్క పలకల సందుల్లో చిక్కుకున్న పీచుపోగులు దీపం పెట్టి చూస్తే కనబడ్డాయి. ఎర్రయ్య తోమని మే నెలలో పాత పోగుల్ని సుద్ద పెచ్చు మూసేసింది, ఆ పెచ్చుని నేనే ఊడగొట్టాను. మట్టి అని నేను అనుకున్నది తప్పు కాదు. ఎవరు కలిపారన్నదే తప్పు.

షెడ్డు పుస్తకం తిరగేశాను. ఫిబ్రవరి పదమూడు. "ఈ రోజు నుంచి ప్రతి తొట్టి కొబ్బరిపీచుతో తోమవలెను." చేవ్రాలు నాది.

సుబ్బరాజు గారికి అంతా చెప్పాను. పీచు తగలబెట్టించి, తాటినార బ్రష్షులు కట్టించి, సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి వాడితే చాలని, మద్రాసు ఆయనకి రెండో తొట్టి చూపిద్దామని అన్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"బాగుంది. అలాగే కానీ," అన్నారు.

"కృపావతిని పిలవాలండి. ఆ పోస్టు ఆమెదండి."

"ఒకే పోస్టు. ఇచ్చేసేం కదా. ఇప్పుడు ఎర్రయ్యని తీసేస్తే యూనియనోళ్ళు ఊరుకుంటారా?" అన్నారు. "కావాలంటే కూలికి పిలు. అయినా మా కెమిస్టే చెడగొట్టుకున్నాడని బయటికి పొక్కితే మద్రాసోళ్ళు సరుకు ముట్టుకుంటారా? ఆ మాట ఇక్కడే ఉంచు."

నన్ను తిట్టలేదు, జీతం కొయ్యలేదు. తప్పు కూలిదనుకున్నప్పుడు మర్నాడే పని పోయింది. తప్పు కెమిస్టుదయ్యేసరికి బయటికి పొక్కకూడనిదైంది.

ఆ మధ్యాహ్నం పేటవాళ్ళ కొత్త గుంటకి వెళ్ళాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. నడుం లోతు నల్లనీళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు డొక్కలు తీసి గట్టు మీదికి విసురుతున్నారు. ఒకరు సుందరమ్మ. రెండోది కృపావతి. ఏ గుంటలో దిగకుండా ఉంటే చాలని అడిగిందో ఆ గుంటలోనే ఉంది.

నన్ను చూసి సుందరమ్మ ముందు గట్టెక్కింది. ఆమె కాళ్ళు మోకాళ్ళ దాకా తెల్లగా ఉబ్బి, వేళ్ళ సందులు చీలి ఉన్నాయి. వాటిని నేను చూడాలన్నట్టు నా ఎదురుగా కూర్చుంది.

నిలబడే చెప్పాను. పీచు సంగతి, టిక్కుల సంగతి, తాళం వేసిన తొట్టి సంగతి. కృపావతి నీళ్ళలోంచి బయటికి రాలేదు. డొక్క ఒకటి చేతిలో పట్టుకుని విన్నది.

"మొదటి రోజే అడిగేనండి మిమ్మల్ని," అంది చివరికి. "పీచు ఇంకా పచ్చిగా ఉంది, గుంట వాసన పోలేదు, ఎండబెట్టి ఉడకేసి తెమ్మంటారా అని. నువ్వు తోము, వాసన సంగతి నాకు తెలుసు అన్నేరండి."

అడిగింది. ఆమె అన్నాక గుర్తొచ్చింది. ఆ మాట నేను విన్నాను, వినలేదు.

"తప్పు నాదే, కృపావతీ. నువ్వు రేపటినుంచి పనిలోకి రా."

"పర్మనెంటాండీ?"

"అది ఎర్రయ్యకి ఇచ్చేశారు. నేనే రాసిచ్చాను. రోజుకూలికి."

సుందరమ్మ నవ్వింది. పళ్ళు లేని నోటితో, చప్పుడు లేకుండా నవ్వింది. "తోమనోడికి పర్మనెంటండి," అంది, నాతో కాదు, గుంటతో.

కృపావతి డొక్కని గట్టు మీదికి విసిరింది. "వస్తానండి. కానీ గేటు దగ్గర పాతిక మందిలో అన్నేరు కదండీ. అక్కడే చెప్పాలండి. ఇక్కడ చెబితే ఈ డొక్కలొక్కటే వింటాయండి."

మర్నాడు పొద్దున పని ఎక్కే వేళ, అదే గేటు దగ్గర, అందరినీ ఆపాను. సుబ్బరాజు గారి మాట గుర్తుంది. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నానని చెప్పుకోవాలని ఉంది కానీ, అంత ధైర్యం లేదు. అయినా చెప్పాను. "తొట్లు చెడింది కృపావతి వల్ల కాదు. పీచు వల్ల. పీచు పెట్టమన్నది నేను. మట్టి కలిపిందని నేనన్నది అబద్ధం," అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎర్రయ్య ఒక్కడు పుస్తకంలో టిక్కుల గురించి ఎవరూ అడక్కుండానే ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు.

సుబ్బరాజు గారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. మద్రాసు ఆయన రెండో తొట్టి చూసి సంతకం పెట్టి వెళ్ళారు.

నేను గేటు దగ్గర ఒప్పుకున్న ఆ పొద్దున కృపావతి లోపలికి వెళ్ళలేదు, తిన్నగా నా దగ్గరికి వచ్చింది. చంకలో మూట తీసి, ముడి విప్పి, గిన్నె మూత తీసి నా ముందు పట్టుకుంది.

"అక్కర్లేదు. వద్దు కృపావతీ," అన్నాను.

"చూసుకోండి. రేప్పొద్దున ఏ తొట్టన్నా వాసనొస్తే మళ్ళీ నా మీదకే వస్తదండి. ఇయ్యాళ చూసేరనుకోండి, మీకూ నిబ్బరం, నాకూ నిబ్బరం."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. నేను చూసేదాకా కదలలేదు. ఆమె వెనక మనుషులు ఆగిపోయారు. చూశాను.

మర్నాడు కూడా అంతే. ఆ మర్నాడూ అంతే. వానలొచ్చినా, నాకు జ్వరం వచ్చి కుర్చీలో కూలబడి ఉన్నా, మూట విప్పి ముందు పట్టుకునేది. కళ్ళు మూసుకుంటే తెరిచేదాకా నిలబడేది. తాటినార బ్రష్షులు సున్నపు నీళ్ళలో ఉడికించే పని ఆమెకే అప్పగించాను. ఆ తరువాత తొట్టి చెడితే ఏడాదికి ఒకటి చెడిందేమో. మాట మాత్రం ఎప్పుడూ మర్యాదగానే అనేది.

రెండేళ్ళకి, 1983లో, ఇంకో పర్మనెంటు పోస్టు వచ్చింది. కాగితం మీద ఆమె పేరు రాసి, చేతికి నేనే ఇచ్చాను. దాన్ని చదివి, మడిచి, రవికలో పెట్టుకుంది. "మా అత్త ఉండగా వస్తే బాగుండేదండి," అంది. సుందరమ్మ అంతకు ముందు చలికాలంలోనే పోయింది.

మర్నాడు గేటు దగ్గర నేను ఆమెకి ఎదురెళ్ళాను. ఇక చూపించదనుకున్నాను. కృపావతి మూట దించి, ముడి విప్పి, గిన్నె మూత తీసింది.

"చూసుకోండి," అంది.

అన్నం, ఎండుచేప, పచ్చిమామిడి ముక్క ఉన్నాయి.